కత్తెర బాబాయి బిట్ల బుట్ట

కత్తెర బాబాయికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. అది ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ఆయన్నే నిలదీసి అడిగినా కాసేపు తల గోక్కుని చెప్పాల్సిందే. సందు మలుపులో, మెట్లు దిగి వెళ్ళే నేలమాళిగ గది ఆయన దుకాణం. దానికున్న ఒక్క కిటికీ పైన రోడ్డు ఎత్తులో ఉంటుంది కనుక, దారిన పోయేవాళ్ళు మోకాళ్ళ దాకానే కనబడతారు. అందుకే బాబాయి మనుషులను మొహాలు చూసి కాదు, బట్టల అంచులు చూసి గుర్తుపట్టేవాడు. "అదుగో వడ్రంగి దిగుతున్నాడు. కుడి కాలు మడత మళ్ళీ ఊడింది" అనేవాడు. ఆ మాట పూర్తయ్యేసరికి వడ్రంగి గుమ్మంలో ఉండేవాడు.

గదిలో సగం కోత బల్లదే. మిగిలిన సగంలో ఒక కుట్టు మిషను, ఒక ఇస్త్రీ పెట్టె, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక స్టూలు. బల్ల కింద, కాలికి తగిలీ తగలనట్టు, ఒక పెద్ద వెదురు బుట్ట. దానికి బిట్ల బుట్ట అని పేరు.

బిట్టంటే కత్తిరించగా మిగిలిన గుడ్డ. వేలెడంత పీలికైతే చెత్త, చేతిరుమాలంత ఉంటే బిట్టు. మరి దుప్పట్లో పావు వంతు ఉంటే? అదీ బిట్టే. చిక్కంతా అక్కడే ఉంది.

చిన్నతనంలో ఆయనకు పని నేర్పిన పెద్ద మాస్టరు కత్తెర చేతికిస్తూ చెప్పిన మొదటి పాఠం కొలతల గురించి కాదు. "మిగిలింది అడిగితే ఇచ్చెయ్. అడక్కపోతే నోరెత్తకు. నీతో పాటు దానికీ ఆకలేస్తుందిరా" అని కత్తెర వంక చూపించాడట. ఆ పనిలో ఉన్న వాళ్ళందరిదీ అదే పద్ధతి. ఎవరూ తప్పనుకోరు. బాబాయి చాలాకాలం ఆ గీత దాటలేదు. ఆ తర్వాత ఒక రోజు, పని తెగ మీదపడి ఉన్నప్పుడు, ఎవరో పెద్దమనిషి "ఏమైనా మిగిలిందా?" అని అడిగాడు. బుట్టలో వెతకడానికి బద్ధకించి "సరిగ్గా సరిపోయిందండీ" అనేశాడు బాబాయి. ఆ పెద్దమనిషి కోపం తెచ్చుకోకపోగా మురిసిపోయాడు. "చూశావా, కొట్లో కొలత నేనే చెప్పా!" అని రొమ్ము విరుచుకుని మెట్లెక్కాడు. ఓహో, ఈ మాటకు ఇంత మహత్తు ఉందా అనుకున్నాడు బాబాయి. అప్పటినుంచి ఎవరడిగినా అదే మాట. పోను పోను ఆలోచన కూడా అక్కర్లేకపోయింది. అడిగేవాళ్ళు నోరు తెరవగానే ఆయన నోరే ఆ మాట అనేసేది.

నిజానికి ఆయన కోత పనితనమే అలాంటిది. చేతుల ముక్కలను వీపు ముక్కల సందులో ఇరికించి, కాలరును మూల నుంచి లాగి, మరొకరు కోస్తే చాలీ చాలని గుడ్డలో కూడా కొంత మిగిల్చేవాడు. నేను మిగిల్చింది కనుక నాదే అని తనకు తాను సర్దిచెప్పుకునేవాడు.

ఆ బిట్లన్నీ వారం చివర్లో ఇంటికి చేరేవి. ఆయన భార్యను వీధి వీధంతా పిన్ని అనే పిలుస్తుంది. పిన్ని ఆ ముక్కలతో బొంతలు కుట్టేది. అమ్మేది కాదు. ఎవరింట్లో పసిబిడ్డ పుట్టినా, ఎవరు జబ్బుపడి లేచినా ఒక బొంత వెళ్ళేది. బస్సు డ్రైవరు చొక్కా పక్కన ప్లీడరు గారి కిటికీ తెర, దాని పక్కన బడి పంతులమ్మ గౌను. రోడ్డు మీద ఒకరికొకరు పడనివాళ్ళు కూడా ఆ బొంతలో భుజం భుజం రాసుకుని పడుకునేవారు.

నలుగురు ఆడవాళ్ళు చేరిన చోట పిన్ని గర్వంగా చెప్పేది. "మా ఆయన అడక్కుండా పోగు కూడా ఇంటికి తేరు. ప్రతిదీ అడిగి పుచ్చుకున్నదే."

ఆ మాట చెవిన పడినప్పుడల్లా బాబాయికి ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడ్డట్టు చెవులు వేడెక్కేవి. అయినా దిద్దలేదు. ఎక్కడని మొదలుపెడతాడు?

ఎదురు మేడ మీద గదిలో ఒక నర్సు ఉండేది. తల్లీ కూతుళ్ళే. తల్లి మంచి భారీ మనిషి, నవ్వితే మెట్లు కదిలేవి. ఆ తల్లి పోయింది. కొన్నాళ్ళకు కూతురు ఒక గుడ్డ చంకన పెట్టుకుని మెట్లు దిగి వచ్చింది. లేత నీలం, దాని మీద తెల్లటి చుక్కలు.

"అమ్మ తనకోసం కొనుక్కుంది బాబాయ్. కొట్టు చీటీ కూడా ఊడదీయలేదు. ఇదుగో కుట్టిస్తా అదుగో కుట్టిస్తా అంటూనే వెళ్ళిపోయింది. నాకు పొడుగు చేతుల గౌను కుట్టండి."

కుట్టాడు. బాగా కుట్టాడు. తల్లి ఒంటికని కొన్న గుడ్డ, కూతురేమో చువ్వలా ఉంటుంది. మిగలక ఏమవుతుంది? రెండు చేతులా పట్టుకుంటే బారెడు ఉంది ముక్క. తల్లికీ కూతురికీ ఉన్న తేడా అంతా మడతపెట్టి బల్ల మీద పెట్టినట్టే ఉంది.

గౌను తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆ పిల్ల అడిగింది. "ఏమైనా మిగిలిందా బాబాయ్?"

"సరిగ్గా సరిపోయిందమ్మా."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, "అవునా" అని వెళ్ళిపోయింది.

ఇంటికి తెచ్చిన ముక్కను చూసి పిన్ని గుర్తుపట్టింది. "ఇది వాళ్ళమ్మ గుడ్డ కదూ? ఇచ్చిందా?"

"ఉంచుకోమంది" అన్నాడు బాబాయి, చెప్పులు విప్పుకుంటూ. మొహం కిందికి దించడానికి చెప్పులు భలే పనికొస్తాయి.

పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తల్లి గుడ్డ చేతులారా ఇచ్చిందా! ఎంత మనసు ఆ పిల్లది!" అంది. ఆ తర్వాత ఏదో బొంత మొదలుపెట్టింది. ఎవరికని ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. వడ్రంగి తడిసిన గొడుగుతో దిగాడు.

"ఏం బావా, మొహం అలా పెట్టావ్?" అన్నాడు బాబాయి. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. కాస్త వేళాకోళం కోసమే ఆ వరస.

"బిట్టు విరిగింది బావా. కొత్తది. గోడలోకి ఇంత దిగి టక్కున విరిగింది."

"ఇక్కడ బుట్టెడు ఉన్నాయి, కావాలంటే తీసుకుపో."

"నీ గుడ్డ పీలికలా? బిట్టంటే మాది. ఇనుముతో చేసింది, రంధ్రం వేసేది. మీరంతా ఆ పేరు అరువు తెచ్చుకున్నారు."

మాస్టారికి ఇలాంటివి దొరికితే ఇంక నడుము వదులైనా బిగుతైనా ఒకటే. "మరి బళ్ళో బిట్ పేపరో? మీ అమ్మాయి పరీక్ష ముందు రోజు తల పట్టుకునేది దేనికి?"

"అదీ ఒకటుంది" ఒప్పుకున్నాడు వడ్రంగి. "మా తోడల్లుడున్నాడు, ఊరవతల చిన్న బిట్టు కొన్నానని నా చెవులు తినేశాడు. వెళ్ళి చూస్తే మంచం వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే మంచం పట్టదు."

"గుర్రం నోట్లో కళ్ళేనికి ఇనప కడ్డీ ఉంటుంది, దాన్నీ బిట్ అంటారు. కంప్యూటర్లో కూడా ఉంది."

"గుర్రానికీ, గుడ్డకీ, గోడకీ ఒకటే మాటా? ఇంగ్లీషువాళ్ళకి మాటలకంత కరువొచ్చిందేమిటి మాస్టారూ!"

"ఇంట్లో లావుపాటి డిక్షనరీ ఉంది. రేపు చూసి చెప్తాను. ఏది ముందు పుట్టిందో తేలిపోతుంది" అన్నారు మాస్టారు, ప్యాంటు సంగతే మర్చిపోయి.

అప్పుడు కిటికీలో తెల్ల బూట్లు కనబడ్డాయి. నర్సు పిల్ల. డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. సంచీలోంచి నీలం గౌను తీసి బల్ల మీద పరిచింది. కుడి చేయి మీద, మోచేతి దగ్గర, ఇస్త్రీ పెట్టె మూతి ఆకారంలో గోధుమరంగు మచ్చ. మధ్యలో గుడ్డ కాలి చిల్లు పడింది.

"ఆస్పత్రినుంచి ఫోనొచ్చింది బాబాయ్. మాట్లాడుతూ పెట్టె అలాగే వదిలేశాను. ఒక్క నిమిషం." ఆమె గొంతు మామూలుగానే ఉంది, వేళ్ళు మాత్రం ఆ మచ్చను రుద్దుతూనే ఉన్నాయి. "ఇదే గుడ్డ ముక్క ఉంటే అతుకు వేసుకోవచ్చు కదా. అరచేయంత ఉన్నా చాలు. బుట్ట అడుగునెక్కడైనా..."

"లేదమ్మా" అంది బాబాయి నోరు. "అప్పుడే చెప్పాగా, సరిగ్గా సరిపోయింది."

అన్న తర్వాత ఆయన ఆ మాట తన చెవులతో తనే విన్నాడు. వెనక్కి తీసుకోవచ్చు. ఇంకా బల్ల ముందే ఉంది పిల్ల. కానీ స్టూలు మీద మాస్టారు ఉన్నారు, తలుపు దగ్గర వడ్రంగి ఉన్నాడు.

"పోనీలెండి. ఉంటుందేమోనని" అని గౌను మడతపెట్టుకుని వెళ్ళిపోయింది. వానలో తెల్ల బూట్లు కిటికీ దాటి పోయాయి.

ఆ సాయంత్రం అన్నం దగ్గర పిన్ని గదిలోంచి బొంత తెచ్చి ఆయన ముందు పరిచింది. అంచంతా చిన్న చిన్న ముక్కలు. నడిమధ్య మాత్రం ఒకే పెద్ద నీలం పలక, తెల్ల చుక్కలతో.

"ఎలా ఉంది?"

"బాగుంది. ఎవరికి?"

"ఇంకెవరికి? ఆ నర్సు పిల్లకే. తల్లి గుడ్డ ఇచ్చిన పిల్లకి ఊరికే థాంక్స్ చెప్పి ఊరుకుంటామా? వాళ్ళమ్మను కప్పుకుని పడుకున్నట్టుంటుంది. ఆదివారం నేనే వెళ్ళి ఇచ్చొస్తా. అయ్యో, ఏమైందండీ? నీళ్ళు తాగండి!"

ముద్ద బాబాయి గొంతులో అడ్డం పడింది.

మర్నాడు మాస్టారు మెట్లు దిగుతూనే మొదలుపెట్టారు. "తేలిందయ్యా! అన్నిటికీ మూలం కొరకడమే!"

వడ్రంగి విరిగిన బిట్టుకు పదును పెట్టుకుంటూ తల ఎత్తాడు. "కొరకడమేంటి?"

"పళ్ళతో కొరకడం. వాళ్ళ పాత భాషలో కొరికి తీసిన ముక్కని బిట్ అనేవాళ్ళు. అక్కణ్ణించే చిన్న ముక్క ఏదైనా బిట్ అయింది. నీ తోడల్లుడి స్థలం, మీ అమ్మాయి పేపరు, అన్నీ ఆ వంశమే. నీ ఇనప బిట్టు చెక్కని కొరుకుతుంది కదా, అందుకని దానికీ ఆ పేరు. గుర్రం దాన్ని కొరుకుతుంది కనుక కళ్ళెంలోదీ అంతే."

"కంప్యూటర్ది?"

"అది మాత్రం ఈ ఇంటి బిడ్డ కాదు. బైనరీ, డిజిట్ అనే రెండు మాటల్లో ఒకదాని తల, ఇంకోదాని తోక కోసి, రెండూ కలిపి అతుకేశారు."

"అయితే అది మా బావ కుట్టిందే!" అని పెద్దగా నవ్వాడు వడ్రంగి. "ఏం బావా? మా బిట్టు చెక్కని కొరుకుతుంది సరే, మీ బిట్టుని కొరికిందెవరు?"

"కత్తెర" అన్నారు మాస్టారు సరదాగా. "ఎవరో ఒకరు కొరికితేనే కదా ముక్కయ్యేది."

ఇద్దరూ నవ్వుకున్నారు. బాబాయి సుద్దతో ఒక గీత గీసి, దాన్ని చెరిపి, మళ్ళీ అక్కడే గీశాడు. ఆ రోజంతా కత్తెర గుడ్డలోకి దిగినప్పుడల్లా ఆ చప్పుడు నమిలినట్టే వినబడింది. ఎన్నోసార్లు కాలితో బుట్టను బల్ల కిందికి ఇంకా లోపలికి తోశాడు. బుట్ట మళ్ళీ కాలికే తగిలింది.

శనివారం పిన్ని బజారుకు వెళ్ళింది. బాబాయి బొంతను చుట్టి చంకన పెట్టుకుని దుకాణానికి పట్టుకొచ్చాడు. ఉపాయం ఆయనకు దొరికింది. నీలం ముక్క విప్పేసి, ఆ చోట ఇంకేదైనా నీలం గుడ్డ వేసి కుట్టేస్తే సరి. పిన్ని కళ్ళు ఈ మధ్య కాస్త మసక. నర్సు పిల్లకు తెలిసే దారే ఉండదు. ఆ తర్వాత ఎప్పుడైనా, "బుట్ట అడుగున దొరికిందమ్మా" అని అరచేయంత ముక్క ఇచ్చేయవచ్చు. అందరూ సుఖంగా ఉంటారు.

కుట్టు విప్పడం మొదలుపెట్టాడు. పిన్ని చేతి కుట్లు, చీమల బారులా ఉన్నాయి. మూల మూలకూ రెండు ముళ్ళు. ఒక వైపు ఊడొచ్చేసరికి ఆయన చేయి ఆగిపోయింది. ముక్క అంచు పలక దగ్గర అయిపోలేదు. లోపలికి ఇంకా ఉంది. ఎక్కువైన గుడ్డనంతా పిన్ని కత్తిరించకుండా, నాలుగు వైపులా లోపలికి మడిచి కుట్టింది. ఆ బారెడు ముక్కలో ఒక్క పోగు కూడా పోలేదు. తల్లి గుడ్డ మీద కత్తెర పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదన్నమాట.

బాబాయి స్టూలు మీద కూలబడ్డాడు. అలా కూర్చునే ఉన్నాడు, పిన్ని బజారు సంచీతో గుమ్మంలోకి వచ్చేదాకా.

"ఇంట్లో బొంత లేదేమిటా అని... అయ్యయ్యో, విప్పుతున్నారేమిటండీ?"

"కుట్టు వదులుగా ఉంటేనూ..." అని మొదలుపెట్టాడు. మాట సగంలోనే పడిపోయింది. "ఆ పిల్ల ఇవ్వలేదే."

"ఏది?"

"ఈ ముక్క. ఇవ్వలేదు. అడిగింది. మిగల్లేదని చెప్పాను. మొన్న గౌను చేయి కాలి అతుకు కోసం వచ్చింది, అప్పుడూ లేదనే చెప్పాను."

పిన్ని సంచీ కింద పెట్టింది. తర్వాత నెమ్మదిగా, "మరి మిగతావి?" అంది.

బాబాయి తల దించుకున్నాడు.

"ప్లీడరు గారి కిటికీ తెర?"

ఆయన విప్పిన దారాన్ని వేలికి చుట్టుకుంటున్నాడు.

"పంతులమ్మ గౌనుది? మన పిల్లలు పుట్టినప్పుడు కప్పినవి?"

"అడిగితే ఇద్దామనే ఉండేది మొదట్లో..."

"అడిగింది కదండీ ఆ పిల్ల! రెండుసార్లు అడిగింది!" అంది పిన్ని. "అంటే ఇన్నాళ్ళూ ఊళ్ళో పసిబిడ్డలందరికీ నా చేత్తో దొంగగుడ్డ కప్పానా?"

"అంత మాట అనకే."

"మరేమనాలో మీరే చెప్పండి. బిట్టు అనాలా?"

బాబాయి "నేను వెళ్ళి ఇచ్చేస్తా. నువ్వూ రావే" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"నేనా? మా ఆయన అడక్కుండా పోగు కూడా తేరని ఆ పిల్ల మొహం మీదే ఎన్నిసార్లు అన్నానో. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు? మీరు కోసింది, మీరే వెళ్ళండి."

బాబాయి ఎదురు మేడ మెట్లెక్కాడు. ఆయన మెట్లు దిగడానికి అలవాటు పడ్డ మనిషి, మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. నర్సు పిల్ల తలుపు తీసింది. ఆయన చేతిలో బొంత, దానికి ఒక వైపు ఊడి వేలాడుతున్న నీలం గుడ్డ. చూడగానే ఆమెకు సగం అర్థమైపోయింది.

మిగతా సగం ఆయన చెప్పాడు. సాకులు చెప్పలేదు. పని నేర్పిన పెద్ద మాస్టరు పేరెత్తలేదు. పిన్నికి తెలియదన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పాడు.

ఆ పిల్ల బొంతను మంచం మీద పరిచి, నీలం ముక్కను అరచేత్తో సాపు చేసింది.

"అమ్మ లావు బాబాయ్" అంది. "నేను అప్పుడే అనుకున్నా. అమ్మకని కొన్న గుడ్డ నాకు సరిగ్గా ఎలా సరిపోతుందని. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి అదే ఆలోచించా. కానీ మీరన్నారు. మీరంటే అదేనని ఊరుకున్నా."

"తప్పయిపోయిందమ్మా."

"ఉంచుకుంటానంటే ఇచ్చేదాన్ని. పిన్నికంటే ఎందుకివ్వను?"

ఆ మాట కన్నా తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

"ఆ ముక్క విప్పి ఇవ్వండి. బొంత వద్దు."

బాబాయి ఆమె గది నేల మీద కూర్చుని, కిటికీ వెలుతురులో, ఒక్కొక్క కుట్టే విప్పాడు. ఆమె మంచం అంచున కూర్చుని చూస్తూనే ఉంది. విప్పడం పూర్తయ్యాక, ఒక్క పోగు కూడా పోని ఆ గుడ్డను మడిచి రెండు చేతులా అందించాడు.

"అతుకు నేను వేస్తానమ్మా. తెలియకుండా వేస్తా. మచ్చ ఎక్కడుందో ఎవరూ కనిపెట్టలేరు."

"వద్దు బాబాయ్. నేనే కుట్టుకుంటా."

ఊళ్ళో ఇన్ని చేతులు కుట్టిన మనిషిని ఒక చేయి వద్దంది. నడిమధ్య పెద్ద కన్నంతో బొంతను చుట్టుకుని బాబాయి మెట్లు దిగాడు.

పిన్ని ఆ కన్నంలో వేరే ముక్క వేయలేదు. బొంతను దాచనూ లేదు. ఇంట్లో కుర్చీ మీద వేసి ఉంచింది. కొన్నాళ్ళు ఆయనతో అవసరమున్నంత వరకే మాట్లాడింది. తర్వాత తర్వాత మామూలుగానే మాట్లాడుతోంది గానీ, ఆడవాళ్ళ మధ్య మాత్రం మా ఆయన అని మొదలుపెట్టి ఇంకో సంగతిలోకి వెళ్ళిపోతుంది.

దుకాణంలో బిట్ల బుట్ట ఇప్పుడు ఖాళీ. కుట్టిన బట్టతో పాటు మిగిలిన ముక్క కూడా మడిచి, గుండుసూదితో గుచ్చి ఇస్తున్నాడు బాబాయి. నిజాయితీగా ఉందామనుకున్నాక అసలు ఇబ్బంది మొదలైంది.

మొన్న ప్లీడరు గారి భార్య కొత్త తెరలు తీసుకోవడానికి వచ్చింది. గుచ్చిన ముక్కను పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత మిగిలిందా! మీ దగ్గర ఎప్పుడూ మిగలదే బాబాయ్? ఈ మధ్య గుడ్డలు వెడల్పుగా నేస్తున్నారా ఏమిటి?"

ఆ మాటకు జవాబు ఆయన నాలుక చివర తయారుగా ఉంది. అవునమ్మా, కొత్త మగ్గాలొచ్చాయి. అంతే, ఆమె నవ్వుకుంటూ వెళ్ళిపోతుంది. నోరు తెరిచాడు కూడా. అప్పుడే పైన కిటికీలో, తనే కుట్టిన నీలం అంచు, తెల్ల చుక్కలతో, మెట్ల వైపు తిరగకుండా నేరుగా దాటి వెళ్ళిపోయింది.

బాబాయి నాలుక కరుచుకున్నాడు.

"లేదమ్మా" అన్నాడు. "గుడ్డ ఎప్పుడూ ఇంతే వెడల్పు."

ఆమె ఆయన వంక చూసింది. చేతిలో ముక్క వంక చూసింది. ఆ చూపు అక్కడి నుంచి బల్ల కిందికి, ఖాళీ బుట్ట మీదికి వెళ్ళింది. బాబాయి తల దించుకోలేదు. ఈసారి అడిగితే చెప్పాలని నిలబడ్డాడు.